టైమ్‌లైన్‌లో ఒక లెక్క, ఫైల్‌లో ఇంకో లెక్క

“అన్నా, పెళ్లి మొత్తం ఉన్నదంటివి. మాకేమో ఎదుర్కోళ్ల కాడ్నే ఆగిపోయింది. మిగిలింది ఏది?” పెన్‌డ్రైవ్‌ను ఇంటికి తీసుకుపోయి టీవీకి పెట్టుకున్న పెళ్లివారి నుంచి నల్గొండ క్లాక్‌టవర్ దగ్గరి మిక్సింగ్ సెంటర్‌కు ఇలాంటి ఫోన్ వస్తే, మిక్సింగ్ చేసిన మనిషి మొదట చేసే పని ప్రాజెక్ట్ తెరిచి చూడటం. అక్కడ టైమ్‌లైన్, అంటే క్లిప్పులను వరుసగా పేర్చిన పట్టీ, నిక్షేపంగా 2 గంటల 14 నిమిషాలు ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది మాత్రం 36 నిమిషాలకు కొంచెం తక్కువ. దీనికి తలకిందుల కేసు కూడా ఉంటుంది. నాలుగు నిమిషాల ప్రీ-వెడ్డింగ్ పాటను ఎక్స్‌పోర్ట్ చేస్తే (రెండర్ అన్నా అదే, టైమ్‌లైన్‌ను ఒక వీడియో ఫైల్‌గా తీయడం) గంటా 12 నిమిషాల ఫైల్ వస్తుంది. పాట పోను మిగతాదంతా నల్లటి తెరే.

రెండు సందర్భాల్లోనూ నోట్లోంచి వచ్చే మాట ఒకటే: “సాఫ్ట్‌వేర్‌ల ఏదో ప్రాబ్లం, మళ్లీ రెండర్ పెడదాం.” మూడు గంటలు కంప్యూటర్ వేడెక్కిన తర్వాత అదే ఫైల్ అదే నిడివితో మళ్లీ చేతికొస్తుంది. చెప్పిన పనిని సాఫ్ట్‌వేర్ రెండోసారీ అలాగే చేసింది, అంతే. మళ్లీ రెండర్ పెట్టే ముందు తేడా ఎంతుందో, ఎక్కడి నుంచి మొదలైందో చూసుకుంటే చాలాసార్లు కారణం ఆ అంకెలోనే దొరుకుతుంది.

అసలు నిడివి అంటే ఫైల్‌కు అతికించిన ఒకే ఒక అంకె అనుకోవడం దగ్గరే తికమక మొదలవుతుంది. ఎంపీ4 ఫైల్‌లో బొమ్మకు ఒక ట్రాక్, శబ్దానికి ఒక ట్రాక్ ఉంటాయి. ఒక్కో ట్రాక్‌కు సొంత నిడివి రాసి ఉంటుంది. మొత్తం ఫైల్‌కు మరొకటి రాసి ఉంటుంది, మామూలుగా అది ట్రాకుల్లో పొడుగైనదానికి సమానం. బొమ్మ 9 నిమిషాల 44 సెకన్లకే అయిపోయి శబ్దం 10 నిమిషాలు ఉందనుకోండి, ఫైల్ మీద కనిపించేది 10 నిమిషాలే. చివరి 16 సెకన్లు బొమ్మ బిగుసుకుపోయి ఉంటుంది. నిడివి సరిపోయిందని చూసి పంపించేస్తే దొరికిపోయేది అక్కడే. ప్లేయర్ ఏ ట్రాక్‌ను చదువుతుందో దాన్నిబట్టి ఒకే ఫైల్‌కు కంప్యూటర్లో ఒక నిడివి, ఫోన్ గ్యాలరీలో ఇంకో నిడివి కనిపించడం కూడా ఇందువల్లే.

అర సెకను లోపు తేడాలను పట్టించుకోనక్కర్లేదు. ఎంపీ4లో మామూలుగా వాడే ఏఏసీ శబ్దం 1024 శాంపిళ్ల (శబ్దాన్ని సెకనుకు వేల సార్లు కొలిచిన కొలతలు) కట్టలుగా నిండుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల దగ్గర ఒక్కో కట్ట దాదాపు 21 మిల్లీసెకన్లు. చివరి కట్ట నిండకపోతే నిశ్శబ్దంతో నింపుతారు, మొదట్లో శబ్దాన్ని కుదించే ఎన్‌కోడర్ తన అవసరానికి కొంత కలుపుతుంది. అందుకని శబ్దం బొమ్మకంటే వెంట్రుకవాసి పొడుగే ఉంటుంది. దానికి తోడు చాలా ప్లేయర్లు పూర్తి సెకన్లే చూపిస్తాయి. 4:12 ఉండాల్సింది 4:13 కనబడిందని రెండర్ మళ్లీ పెట్టడం కరెంటు దండగ.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లను భయపెట్టే మరొకటి ఉంది, అది అసలు లోపమే కాదు. డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ మొదలయ్యేదే 01:00:00:00 దగ్గర. టీవీ చానెళ్ల కాలం నుంచి వస్తున్న అలవాటు అది. పాట చివర 01:04:12:10 అని చూసి, ఫైల్‌లో 4 నిమిషాలే ఉంటే గంట ఎటు పోయిందని వెతకడం మొదలుపెడతారు. గంట ఎటూ పోలేదు. చివర ఉన్న 10 కూడా సెకన్లో వందో వంతుల లెక్క కాదు, పది ఫ్రేములు (వీడియోలో ఒక్కో నిశ్చల బొమ్మ ఒక ఫ్రేము). 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో అది 0.4 సెకను.

ముందు భాగహారం

తేడా నిజంగానే పెద్దదని తేలితే కాలిక్యులేటర్ తీయాలి. ఫైల్ నిడివినీ టైమ్‌లైన్ నిడివినీ సెకన్లలోకి మార్చి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 1.2 వచ్చిందంటే సెకనుకు 30 ఫ్రేములదాన్ని 25గా ఆడిస్తున్నారు. అప్పుడు 2 గంటల 14 నిమిషాల పెళ్లి 2 గంటల 40 నిమిషాల 48 సెకన్లు అవుతుంది, బరాత్‌లో డ్యాన్స్ చేసేవాళ్లు నీళ్లలో నడిచినట్టు కనిపిస్తారు. 0.833 వస్తే 25ను 30గా ఆడిస్తున్నారు. 1.0417 అయితే 25ను 24గా, అంటే గంట కాస్తా 62 నిమిషాల 30 సెకన్లు. 0.96 అయితే 24ను 25గా, గంట 57 నిమిషాల 36 సెకన్లకు తగ్గుతుంది. సరిగ్గా 2 వస్తే 50 ఫ్రేముల స్లోమోషన్ క్లిప్‌ను 25గా చదివినట్టు. పైన చెప్పిన ప్రీ-వెడ్డింగ్ పాటకు లెక్క వేస్తే 18 వస్తుంది. ఏ ఫ్రేమ్ రేటుకూ అతకని అంకె అది. వేగం జోలికి పోకుండా టైమ్‌లైన్ చివర ఏం పడి ఉందో చూడాలి.

ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయింది. 25 ఫ్రేముల టైమ్‌లైన్‌ను 30కి ఎక్స్‌పోర్ట్ చేస్తే నిడివి మారిపోతుందని చాలామంది నమ్ముతారు. మారదు. సరిగ్గా పనిచేసే ఎడిటర్ కాలాన్ని పట్టుకుంటుంది, ఫ్రేములను సర్దుతుంది. సెకనుకు ఐదు ఫ్రేములు తక్కువపడితే ఉన్నవాటిలో ఐదింటిని రెండుసార్లు చూపిస్తుంది. దానివల్ల కెమెరా పక్కకు తిరిగినప్పుడు కుదుపు కనిపిస్తుందే తప్ప నిడివి కదలదు. నిడివి మారాలంటే ఫ్రేముల సంఖ్య అలాగే ఉండి వేగం మాత్రం మారాలి. అది జరిగే చోట్లు కొన్నే. పెళ్లి టైటిల్ యానిమేషన్‌ను విడివిడి బొమ్మలుగా తీసుకొచ్చినప్పుడు జరుగుతుంది. 30 లెక్కన తయారైన 10 సెకన్ల టైటిల్‌లో 300 బొమ్మలు ఉంటాయి, 25 ప్రాజెక్ట్‌లోకి అవే 300 వస్తే 12 సెకన్లు పడుతుంది. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పని మధ్యలో ఫ్రేమ్ రేటు మార్చినప్పుడు జరుగుతుంది, ఎందుకంటే దాని టైమ్‌లైన్ ఫ్రేముల్లోనే నడుస్తుంది, సెకన్లలో నడవదు. ప్రీమియర్ అనే ఎడిటర్‌లో క్లిప్ రేటును నిర్ణయించే ‘ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్’ దగ్గర ఎవరో ఒకప్పుడు అంకె మార్చి మరిచిపోతే జరుగుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ప్రాజెక్ట్‌ను మోసుకెళ్లేటప్పుడు రెండు వైపులా రేటు ఒకటి కాకపోయినా జరుగుతుంది.

భాగిస్తే 1.001 వచ్చే సందర్భం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. అమెరికాలో 1953లో కలర్ టీవీ పద్ధతి ఖాయం చేసినప్పుడు రంగు సంకేతమూ శబ్ద సంకేతమూ ఒకదాన్నొకటి చెడగొట్టకుండా సెకనుకు 30 ఫ్రేముల వేగాన్ని 1001కి 1000 లెక్కన తగ్గించారు. అప్పటి నుంచీ అక్కడి లెక్క 29.97. మన కరెంటు 50 హెర్ట్జ్, దూరదర్శన్ 1982లో రంగుల్లోకి మారింది పాల్ పద్ధతిలో, సెకనుకు నిండుగా 25 ఫ్రేములతో. అందుకని ఇక్కడ కొన్న కెమెరాతో, ఇక్కడి 25 టైమ్‌లైన్‌లో పనిచేసినంతకాలం ఈ తలనొప్పి తగలదు. నల్గొండ, మిర్యాలగూడ వైపు అమెరికాలో పిల్లలున్న ఇళ్లు తక్కువేం కాదు. అల్లుడు అక్కడి నుంచి తెచ్చిన కెమెరా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో, అంటే అక్కడి 29.97 లెక్కలో ఉంటుంది. ఆ క్లిప్ ముందు వేస్తే టైమ్‌లైన్ కూడా 29.97కు మారుతుంది, చాలా ఎడిటర్లు మొదటి క్లిప్‌ను చూసే ప్రాజెక్ట్ రేటు పెట్టుకుంటాయి కనుక. మెనూలో పాల్‌కు మార్చుకునే వీలుంటే పెళ్లికి ముందే మార్చాలి. లేకపోతే ఫంక్షన్ హాల్ ట్యూబ్‌లైట్ల కింద తెర మీద అలలు కూడా ఉచితంగా వస్తాయి.

29.97 టైమ్‌లైన్‌లో టైమ్‌కోడ్ (ఒక్కో ఫ్రేముకు వేసే గంట, నిమిషం, సెకను, ఫ్రేము నంబరు) 30 చొప్పున లెక్కపెడుతూ పోతే గడియారంతో గంటకు 3.6 సెకన్లు తేడా పడుతుంది. 2 గంటల 14 నిమిషాలకు 8 సెకన్లు. టైమ్‌లైన్ 2:14:00 అంటుంది, ప్లేయర్ 2:14:08 అంటుంది, రెండూ నిజమే చెబుతున్నాయి. ఈ తేడాను కప్పడానికే డ్రాప్‌ఫ్రేమ్ అనే పద్ధతి పెట్టారు: నిమిషం మారినప్పుడల్లా రెండు నంబర్లు దాటేయడం, ప్రతి పదో నిమిషానికి మాత్రం దాటకపోవడం. అలా గంటకు 108 నంబర్లు పోతాయి. పేరు చూసి ఫ్రేములు పోతాయని బెంగపడేవాళ్లున్నారు. ఒక్క ఫ్రేమూ పోదు, పోయేవి నంబర్లే.

శబ్దం వైపు గుణకాలు రెండు: 1.0884, 0.919. సంగీతం సీడీల నాటి నుంచి 44,100 శాంపిళ్లలో ఉంటుంది, వీడియో 48,000లో ఉంటుంది. ఎడిటర్ ఒకదాన్ని ఇంకోదానికి తానే మార్చుకుంటుంది కాబట్టి రోజూ ఎదురయ్యే సమస్య కాదు. రికార్డింగ్ అప్పుడు సౌండ్‌కార్డ్ ఒక అంకె మీద, సాఫ్ట్‌వేర్ ఇంకో అంకె మీద ఉంటే మాత్రం ఫైల్ మీద పడే ముద్రే తప్పు. దేవరకొండ వైపు తండాలో షూటింగ్ చేసిన జానపద పాట నాలుగున్నర నిమిషాలది అనుకుంటే అది 4 నిమిషాల 8 సెకన్లకు కుంచించుకుపోతుంది, పాడినామె గొంతు కీచుమంటుంది. చెవికే తెలిసిపోయే రోగం ఇది. ఎక్కడి నుంచో దింపిన ఎంపీ3 పాటలది ఇంకో రకం. మారుతూ ఉండే బిట్‌రేటుతో (సెకనుకు వాడే డేటా) తయారై, మొదట్లో ఉండాల్సిన సూచిక లేకపోతే, ప్లేయర్ నిడివిని అంచనా కడుతుంది, ఆ అంచనా తప్పుతుంది. టైమ్‌లైన్‌లో వేసేముందు దాన్ని వేవ్ ఫైల్‌గా మార్చేస్తే సరిపోతుంది.

ఫోన్‌తో తీసిన జాతర

పైవన్నీ కలిపినా ఈ ఒక్కదాని బాధకు సాటిరావు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరను రాత్రి పూట ఫోన్‌తో పది నిమిషాలు ఆపకుండా తీశారనుకుందాం. మొదటి నాలుగు నిమిషాలు లైట్ల కింద, ఆ తర్వాత ఆరు నిమిషాలు భేరీలు కొట్టేవాళ్ల వెంట చీకట్లో. ఫోన్ సెట్టింగ్ 30 ఫ్రేములు. వెలుగున్నంతసేపు ఫోన్ ఆ మాట నిలబెట్టుకుంటుంది. చీకట్లోకి వెళ్లగానే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పోగుచేసుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుని, వేగం తగ్గించుకుంటుంది. ఏ ఫ్రేము ఏ క్షణంలో పడిందో మాత్రం ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది. అందుకే ఫోన్లో చూసినంతవరకు బొమ్మ, చప్పుడు జోడుగా ఉంటాయి.

ఇప్పుడు లెక్క. లైట్ల కింద 4 నిమిషాలకు 7,200 ఫ్రేములు. చీకట్లో సగటున 28.67 చొప్పున 6 నిమిషాలకు 10,320. మొత్తం 17,520. ఆ క్షణాల పట్టికను పక్కనపెట్టి ఫ్రేములన్నిటినీ 30 చొప్పున వరుసగా పేర్చే ఎడిటర్‌కు 584 సెకన్లే వస్తాయి, అంటే 9 నిమిషాల 44 సెకన్లు. శబ్దం 600 సెకన్లు అలాగే ఉంది. నాలుగో నిమిషం దాకా ఏ తేడా తెలియదు. ఆ తర్వాత నిమిషానికి రెండున్నర సెకన్లకు పైగా బొమ్మ ముందుకు పరుగెడుతుంది. కర్ర భేరీ మీద పడి లేచి మళ్లీ పడిన తర్వాతెప్పుడో మొదటి దెబ్బ వినిపిస్తుంది. చివరికొచ్చేసరికి తెర ఆగిపోయి ‘ఓ లింగా’ కేక ఒక్కటే 16 సెకన్లు నడుస్తుంది.

చాలామంది ఇక్కడ చేసే చిట్కా వైద్యం బొమ్మను 584 నుంచి 600 సెకన్లకు సాగదీయడం. మొదలూ చివరా కలుస్తాయి, మధ్యలో చెడుతుంది. అప్పటిదాకా సరిగ్గా ఉన్న నాలుగో నిమిషం దగ్గర ఇప్పుడు బొమ్మ ఆరున్నర సెకన్లు వెనకబడుతుంది. తేడా సమానంగా పరుచుకుని ఉంటేనే సాగదీత పనిచేస్తుంది. ఇక్కడ తేడా అంతా చీకటి భాగంలోనే పోగుపడి ఉంది. అందుకే ఏదైనా సరిచేసే ముందు మొదట్లో, మధ్యలో, చివర మూడు చోట్ల చప్పట్లో, భేరీ దెబ్బో చూసుకోవాలి. మూడు చోట్లా ఒకే తేడా ఉంటే శబ్దాన్ని జరిపితే చాలు. క్రమంగా పెరిగితే వేగం సంగతి. ఒక చోటు దాకా లేకుండా ఆ తర్వాత పెరిగితే మారే ఫ్రేమ్ రేటు.

అనుమానం తీర్చుకోవడానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఫైల్‌ను అందులో తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర ‘కాన్‌స్టెంట్’ అనో ‘వేరియబుల్’ అనో కనిపిస్తుంది, వేరియబుల్ అయితే కనిష్ఠ, గరిష్ఠ అంకెలు కూడా ఉంటాయి. మందు ఎడిటింగ్ మొదలుపెట్టకముందే వేయాలి. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్‌ను తెరిచి, వీడియో ట్యాబ్‌లో ‘కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని, టైమ్‌లైన్ ఎంతుందో ఆ అంకె పెట్టి, క్వాలిటీ అంకెను 18 దగ్గర ఉంచి మార్చుకోవాలి. ఆ పక్కనే ఉండే ‘పీక్ ఫ్రేమ్‌రేట్’ను అలాగే ఉంచేస్తే పని జరగనట్టే. షాట్‌కట్, కేడెన్‌లైవ్ లాంటి ఎడిటర్లు అలాంటి క్లిప్ వేయగానే మార్చమంటారా అని అవే అడుగుతాయి. తొందరలో వద్దని నొక్కేసేవాళ్లే ఎక్కువ. ఈ మధ్య వచ్చిన ప్రీమియర్ వెర్షన్లు మారే ఫ్రేమ్ రేటును అర్థం చేసుకుంటాయి, అయినా పొడుగాటి క్లిప్పుల విషయంలో పూర్తిగా దానిమీద వదిలేయకపోవడం మంచిది. ఎడిటింగ్ అంతా అయ్యాక తెలిస్తే మార్చిన క్లిప్‌ను పాతదాని స్థానంలో రీలింక్ చేయొచ్చు, కానీ కట్‌లు అక్కడక్కడా జరుగుతాయి, కూర్చుని ఒక్కోటి చూసుకోవాలి.

షూటింగ్ దగ్గరే ఆపగలిగితే ఇంకా సుఖం. ఐఫోన్‌లో రికార్డ్ వీడియో సెట్టింగ్‌లోకి పోతే ‘ఆటో ఎఫ్‌పీఎస్’ను ఆపేయొచ్చు, అక్కడే ‘షో పాల్ ఫార్మాట్స్’ను ఆన్ చేస్తే 25 ఫ్రేములు కూడా దొరుకుతాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో కంపెనీకో తీరు, కెమెరా సెట్టింగుల్లో ఆటో అని కనబడే ఫ్రేమ్ రేటును ఆపడమే సూత్రం. స్క్రీన్ రికార్డింగులు, జూమ్ క్లాసుల రికార్డింగులు దీన్ని మించినవి. తెర కదలకపోతే ఫ్రేములే సరిగా పడవు. మహబూబ్‌నగర్‌లో కోచింగ్ క్లాసుల వీడియోలు కట్ చేసేవాళ్లు ముందు మార్చుకోవడాన్ని ఒక అలవాటుగా పెట్టుకోవాలి.

విడిగా శబ్దం రికార్డ్ చేసేవాళ్లకు ఇంకో చిన్న తేడా ఎదురవుతుంది. మండపం మైకు నుంచి రికార్డర్‌లోకి, కెమెరాలోకి వేర్వేరుగా తీసుకుంటే రెండు పరికరాల గడియారాలు రెండు. పది లక్షల్లో 50 పాళ్లు తేడా ఉన్నా గంటకు 0.18 సెకను, మూడు గంటల పెళ్లికి అర సెకను దాటుతుంది. జీలకర్ర బెల్లం దగ్గర కలిసిన మంత్రం అప్పగింతల దగ్గర పెదాలకు అతకదు. ఇది సమానంగా పెరిగే తేడా, ఇక్కడ సాగదీత చక్కగా పనిచేస్తుంది. శబ్దాన్ని ఘట్టాలవారీగా కోసి మళ్లీ జతచేసుకోవడం ఇంకా సులువు.

తోకలు, పాత గుర్తులు

18 రెట్లయిన పాట సంగతి. ఎడిటింగ్ చేస్తున్నప్పుడు పనికొస్తుందని ఒక డీజే బిట్‌ను దూరంగా పక్కకు నెట్టి పెడతారు. తర్వాత దాన్ని చెరిపినా మూడు ఫ్రేముల ముక్క ఒకటి 72వ నిమిషం దగ్గర మిగిలిపోతుంది. జూమ్ చేసి ఉన్న తెర మీద అది సూదిమొనంత కూడా ఉండదు. ఎక్స్‌పోర్ట్‌కు మాత్రం టైమ్‌లైన్ అంటే మొదటి ఫ్రేము నుంచి చిట్టచివరి ముక్క దాకా. టైమ్‌లైన్ మొత్తాన్ని ఒకే తెరలోకి తెచ్చే కీ నొక్కితే దొంగ దొరుకుతాడు. ప్రీమియర్‌లో బ్యాక్‌స్లాష్, రిజాల్వ్‌లో షిఫ్ట్‌తో జెడ్. ఎండ్ కీ నొక్కినా కర్సర్ తిన్నగా ఆ ముక్క దగ్గరికే వెళ్లి నిలబడుతుంది. కనిపించకుండా ఆపేసిన ట్రాక్‌లో ఉంటే అందులోనూ వెతకాలి.

దీనికి ఎదురు రోగం ఇన్, ఔట్ గుర్తులది. పెళ్లికూతురి అక్క స్టేటస్‌కు తలంబ్రాల బిట్ ఒక్కటి పంపమంటుంది. ఐ, ఓ గుర్తులు పెట్టి ఆరు నిమిషాలు తీసి పంపుతారు. మర్నాడు పూర్తి వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మళ్లీ ఆ ఆరు నిమిషాలే వస్తాయి. ఎక్స్‌పోర్ట్ పేజీలో ‘ఎంటైర్ టైమ్‌లైన్’ అని ఉందో, ‘ఇన్/ఔట్’ అని ఉందో చూడకపోవడమే తప్పు. ప్రీమియర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎక్స్ కలిపి నొక్కితే, రిజాల్వ్‌లో ఆల్ట్‌తో ఎక్స్ నొక్కితే గుర్తులు చెరిగిపోతాయి. నెస్ట్ చేసిన సీక్వెన్సుల్లోనూ (ఒక టైమ్‌లైన్‌ను ఇంకోదాని లోపల క్లిప్‌లా పెట్టినప్పుడు) ఇలాంటిదే జరుగుతుంది: లోపలి సీక్వెన్సుకు రెండు నిమిషాలు కలిపినా బయట దాని పొడవు పాతదే ఉంటుంది, కలిపిన భాగం తెర మీదికి రాదు. ఫోన్ ఎడిటింగ్ యాప్‌లలో రెండు మూడు సెకన్లు ఎక్కువ వస్తే పెద్దగా వెతకొద్దు, చివర యాప్ తన లోగోను తానే అతికించుకుని ఉంటుంది.

ఫైల్‌దే తప్పయినప్పుడు

ఎంపీ4 ఫైల్‌కు ఒక విషయసూచిక ఉంటుంది. ఏ ఫ్రేము ఎక్కడుంది, ఎంతసేపుంది అన్నదంతా అందులోనే. ఎక్కువసార్లు దాన్ని రాసేది అన్నీ అయిపోయాక చివర్లో. 97 శాతం దగ్గర కరెంటు పోయి యూపీఎస్ ఆదుకోకపోతే, అంతవరకు తయారైన బొమ్మంతా డిస్క్ మీద ఉన్నా ఫైల్ తెరుచుకోదు, లేదా నిడివి సున్నా చూపిస్తుంది. లైవ్ రికార్డింగులకు ఎంకేవీ అనే ఫైల్ రకం మేలని చెప్పేది అందుకే, కరెంటు పోయిన క్షణం దాకా ఉన్నది ప్లే అవుతుంది. ప్లే అవుతున్నా నిడివి మాత్రమే తప్పు చూపించే ఫైళ్లకు మళ్లీ రెండర్ అక్కర్లేదు. లాస్‌లెస్‌కట్, అవిడెమక్స్ లాంటివాటితో బొమ్మను ముట్టుకోకుండా కొత్త పెట్టెలోకి మారిస్తే సూచిక కొత్తగా తయారవుతుంది. గంట వీడియోకు కూడా నిమిషాల పనే.

ఇలా ముట్టుకోకుండా కోసేటప్పుడు ఒక మెలిక ఉంది. కోత కీఫ్రేము దగ్గరే, అంటే పక్క ఫ్రేముల సాయం లేకుండా పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేము దగ్గరే పడగలదు. అవి రెండు సెకన్లకొకటి ఉంటే, 10 సెకన్ల బిట్ కోశామనుకున్నది 11.7 సెకన్లు రావచ్చు. ఆ ముందు భాగాన్ని దాచమని ఫైల్‌లో రాసి ఉంటుంది, కొన్ని ప్లేయర్లు ఆ రాతను లెక్కచేయవు.

పాత పెళ్లి డీవీడీలను కంప్యూటర్లోకి ఎక్కించే పని ఇప్పుడు స్టూడియోలకు బాగానే వస్తోంది. వాటిలో సినిమా ఒక గిగాబైట్ దాటని వీవోబీ ముక్కలుగా ఉంటుంది, మధ్యలో కాలం లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంటుంది. ఒక్కో ముక్కను విడిగా టైమ్‌లైన్‌లో వేస్తే నిడివి చిత్రవిచిత్రంగా కనబడుతుంది. మేక్‌ఎంకేవీతో డిస్క్‌లోని సినిమా మొత్తాన్ని ఒకే ఫైల్‌గా తీసుకుని అప్పుడు పని మొదలుపెట్టాలి.

ఎదుర్కోళ్ల దగ్గర ఆగిన పెళ్లి

ఆ 36 నిమిషాల కథకు పై వాటిలో ఏదీ కారణం కాదు. టైమ్‌లైన్‌లో తోక లేదు, గుర్తులు లేవు, భాగహారం చేస్తే 0.267 వస్తుంది, అది ఏ ఫ్రేమ్ రేటుదీ కాదు. తప్పు పెన్‌డ్రైవ్‌ది. టీవీలు చదవాలని ఎక్కువ పెన్‌డ్రైవ్‌లను ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంచుతారు. ఆ పద్ధతిలో ఒక్కో ఫైల్ 4 గిగాబైట్లు దాటకూడదు. సెకనుకు 16 మెగాబిట్ల చొప్పున రాస్తుంటే 4 గిగాబైట్లు నిండేది సరిగ్గా 35 నిమిషాల 47 సెకన్లకు. కంప్యూటర్ నుంచి కాపీ చేస్తే విండోస్ ముందే ఒప్పుకోదు, ఫైల్ పెద్దదని చెప్పేస్తుంది. సమయం మిగులుతుందని నేరుగా పెన్‌డ్రైవ్‌లోకే ఎంపీజీగా ఎక్స్‌పోర్ట్ పెడితే అంతదాకా రాసి ఆగుతుంది, ఆ ఫైల్ అక్కడిదాకా ప్లే కూడా అవుతుంది. ఎంపీ4 అయి ఉంటే అసలు తెరుచుకునేది కాదు, ఫోన్ ఇంకా ముందే వచ్చేది.

పెళ్లివారి టీవీ ఎక్స్‌ఫ్యాట్‌ను గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను గానీ చదివితే పెన్‌డ్రైవ్‌ను అలా ఫార్మాట్ చేసి ఒకే ఫైల్ ఇవ్వొచ్చు. ఇంట్లో టీవీ పాతదైతే మొత్తాన్ని 4 గిగాబైట్లలో ఇరికించాలని చూడొద్దు. 2 గంటల 14 నిమిషాలకు సెకనుకు నాలుగు మెగాబిట్ల పైచిలుకే మిగులుతుంది, ఫుల్ హెచ్‌డీలో పట్టుచీర జరీ అంతా మసకబారుతుంది. హార్డ్‌డిస్క్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, అక్కడ ఒకసారి చివరిదాకా జరిపి చూసి, 35 నిమిషాలు మించకుండా నాలుగు భాగాలు చేసి, ఎదుర్కోళ్లు ముందు అప్పగింతలు చివర వచ్చేలా పేర్లకు ముందు 01 నుంచి 04 దాకా అంకెలు వేసి పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే సరిపోతుంది.